జాతీయ చలనచిత్ర పురస్కారాలు: ఏ సినిమా లెక్కలోకి వస్తుంది, ఎవరు చూస్తారు, ఎంట్రీ ఎక్కడ దెబ్బతింటుంది

మీరు అడిగినవి మూడు. 2022 మార్చిలో విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’కి 2021 సంవత్సరపు జాతీయ అవార్డులు ఎలా వచ్చాయి? ఎంపిక ఎవరు చేస్తారు? తక్కువ ఖర్చుతో తీసిన మీ తెలుగు సినిమాని పంపాలంటే ఏం చూసుకోవాలి? మొదటిదానికి జవాబు తెలిస్తే మిగతావి తేలికవుతాయి కాబట్టి అక్కణ్నుంచే వస్తాను.

జాతీయ అవార్డుకి విడుదల తేదీతో పని లేదు. సెన్సార్ సర్టిఫికెట్ మీద ఏ తేదీ ఉందో అదే లెక్క. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపల సర్టిఫికెట్ వచ్చిన సినిమాలన్నీ ఆ సంవత్సరం కిందికి వస్తాయి. ‘ఆర్ఆర్ఆర్’ 2022 జనవరి 7న రావాల్సిన సినిమా. అందుకని 2021లోనే సెన్సార్ పూర్తయింది. కోవిడ్ వల్ల విడుదల మార్చి 25కి జరిగింది గానీ సర్టిఫికెట్ తేదీ మారదు కదా. ‘హనుమాన్’ సంగతీ ఇంతే. 2024 సంక్రాంతికి థియేటర్లలోకి వచ్చింది, అవార్డులు 2023 జాబితాలో వచ్చాయి. హిందీలో ‘గుల్‌మొహర్’ జనం చూసింది 2023 మార్చిలో, ఉత్తమ హిందీ చిత్రం అయింది 2022 సంవత్సరానికి.

మనకు ఇది ముఖ్యం, ఎందుకంటే సంక్రాంతి సినిమాలు చాలావరకు డిసెంబరు ఆఖరి వారాల్లో సెన్సార్‌కి వెళ్తాయి. జనవరిలో విడుదల కాబట్టి వచ్చే ఏడాది పంపుదాంలే అనుకుంటే, వచ్చే ఏడాది నోటిఫికేషన్‌కి ఆ సినిమా అర్హమే కాదు. ఒక్కసారి ఆ ఏడు దాటిందంటే మళ్లీ అవకాశం ఉండదు. అందుకే ప్రొడక్షన్ ఆఫీసులో సర్టిఫికెట్ కాపీ మీద తేదీ చూసి, ఏ ఏడాది ఎంట్రీయో ఫైలు మీదే రాసిపెట్టుకోండి. ఫలితాలు కూడా బాగా ఆలస్యంగా వస్తున్నాయి. 2021 సినిమాలకు (69వ అవార్డులు) 2023 ఆగస్టు 24న ప్రకటించారు, 2022 సినిమాలకు (70వ అవార్డులు) 2024 ఆగస్టు 16న, 2023 సినిమాలకు (71వ అవార్డులు) 2025 ఆగస్టు 1న. ఇంత దూరం ఉండేసరికి ఎంట్రీలు పిలిచే నాటికి యూనిట్ చెదిరిపోయి ఉంటుంది. కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో తెలియదు, సబ్‌టైటిల్ ఫైలు దొరకదు.

ఓటీటీకి నేరుగా వెళ్లే సినిమాలది ఇంకో చిక్కు. ఓటీటీలో వేయడానికి సెన్సార్ అక్కర్లేదు కాబట్టి కొందరు ఆ ఖర్చూ శ్రమా ఎందుకని వదిలేస్తారు. సర్టిఫికెట్ లేకపోతే జాతీయ అవార్డు తలుపు మూసుకున్నట్టే. ‘కలర్ ఫొటో’ 2020లో ఓటీటీలోనే విడుదలై, 68వ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రమైంది. సినిమా మీద మీకు నమ్మకం ఉంటే థియేటర్ రిలీజ్ లేకపోయినా సెన్సార్ చేయించండి.

ఇక ఎవరు ఇస్తారన్నది. కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ తరఫున చాలా ఏళ్లు ఫిల్మ్ ఫెస్టివల్స్ డైరెక్టరేట్ నడిపింది. 2022లో ఆ సంస్థను జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో, అంటే ఎన్‌ఎఫ్‌డీసీలో, కలిపేశారు. ఇప్పుడు నోటిఫికేషన్, ఎంట్రీలు అన్నీ అక్కడే. మొదలైంది 1954లో, 1953 సినిమాలకు. తొలి రాష్ట్రపతి స్వర్ణ పతకం మరాఠీ ‘శ్యామ్‌చీ ఆయీ’కి దక్కింది. మరుసటి ఏడాది నుంచి భాషలవారీగా కూడా ఇవ్వడం మొదలుపెడితే, తెలుగులో ‘పెద్దమనుషులు’కి రజత పతకం వచ్చింది. నటులకీ సాంకేతిక నిపుణులకీ విడిగా ఇవ్వడం 1967 సినిమాల నుంచే. అంతకుముందు వరకు గుర్తింపు ప్రధానంగా సినిమాకే.

సినిమాలను ఎవరో వెతుక్కుంటూ వెళ్లి చూడరు. నిర్మాత ఎంట్రీ పంపితేనే జ్యూరీ ముందుకు వస్తుంది. చాలామంది అభిమానులకు ఇది తెలియక, ఫలానా సినిమాకి అన్యాయం జరిగిందని వాదించుకుంటారు. అసలు ఆ సినిమా ఎంట్రీ పంపిందో లేదో ముందు చూడాలి. నామినేషన్ల జాబితా ప్రకటించే ఆనవాయితీ కూడా లేదు. నేరుగా విజేతల పేర్లే బయటికొస్తాయి.

ఎంపిక రెండు అంచెల్లో జరుగుతుంది. 2009 సినిమాల నుంచి ఈ పద్ధతి పెట్టారు. ముందు ప్రాంతీయ ప్యానెళ్లు ఐదు: ఉత్తరం, పడమర, తూర్పు, దక్షిణానికి రెండు. తమిళం, మలయాళం ఒక ప్యానెల్‌లో ఉంటాయి. తెలుగు, కన్నడం ఇంకో ప్యానెల్‌లో. వీళ్లు తమకు వచ్చిన సినిమాలన్నీ చూసి, ఏ సినిమాని ఏ విభాగానికి పరిశీలించాలో రాసి పైకి పంపుతారు. పైన కేంద్ర జ్యూరీ ఉంటుంది. 2023 సినిమాలకు అశుతోష్ గోవారికర్, అంతకుముందు ఏడాదికి రాహుల్ రవైల్ అధ్యక్షులు. డాక్యుమెంటరీలు, లఘు చిత్రాల వంటి నాన్ ఫీచర్ విభాగానికి వేరే జ్యూరీ, సినిమా మీద రచనలకు ఇంకో జ్యూరీ. తుది నిర్ణయం ఈ జ్యూరీలదే. ఒక విభాగానికి తగినది లేదనుకుంటే ఇవ్వకుండా వదిలేయవచ్చు, ఇద్దరికి పంచనూ వచ్చు. 71వ అవార్డుల్లో ఉత్తమ నటుడు షారుఖ్ ఖాన్‌కీ విక్రాంత్ మాస్సీకీ కలిపి ఇచ్చారు.

ఇందులో మీరు పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. సినిమా మొత్తంగా ఎంత గొప్పదన్నది ఉత్తమ చిత్రం, భాషా చిత్రం లాంటి కొన్ని విభాగాల్లోనే చూస్తారు. మిగతా అన్నిటిలోనూ ఒక్కొక్క పనిని విడదీసి తూకం వేస్తారు. ఇది ఎలా ఉంటుందో 69వ అవార్డుల జాబితాలో సంగీతం వరకే తీసుకుని చూడండి.

2023 మార్చిలో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చింది. ఆగస్టులో జాతీయ అవార్డులు ప్రకటించారు. పాటల సంగీతానికి కీరవాణికే వస్తుందని అందరూ అనుకున్నారు. ఆ అవార్డు ‘పుష్ప’కి దేవిశ్రీ ప్రసాద్‌కి వెళ్లింది. కీరవాణికి ‘ఆర్ఆర్ఆర్’ నేపథ్య సంగీతానికి, అంటే మనవాళ్లు రీరికార్డింగ్ అనేదానికి వచ్చింది. చంద్రబోస్‌కి ఉత్తమ గీత రచయిత వచ్చింది గానీ ‘నాటు నాటు’కి కాదు, ‘కొండపొలం’లోని ‘ధమ్ ధమ్ ధమ్’ పాటకి. గాయకుడి అవార్డు కాలభైరవకి ‘కొమురం భీముడో’ పాడినందుకు. ప్రేమ్ రక్షిత్‌కి నృత్య దర్శకత్వం. ఈ జాబితాలో గందరగోళం ఏమీ లేదు. గీత రచయితనీ గాయకుణ్నీ ఒక్క పాట మీద తూకం వేస్తారు. సంగీత దర్శకుణ్ని సినిమాలోని పాటలన్నిటి మీదా చూస్తారు. రీరికార్డింగ్ 2009 సినిమాల నుంచి విడి విభాగం. ప్రపంచమంతా పాడుకున్న పాట కదా అన్నది జ్యూరీ గదిలో వాదన కాదు. అడవి గురించి రాసిన పాటలో సాహిత్యం బలంగా ఉందనిపిస్తే అటే మొగ్గుతారు. నా ఉద్దేశంలో ఈ విభజనే ఈ అవార్డుల బలం. ‘శంకరాభరణం’ నాటికి ఇన్ని విభాగాలు లేవు, సంగీతానికి ఒక్కటే అవార్డు, అది కె.వి. మహదేవన్‌కి వచ్చింది. అప్పట్లో రీరికార్డింగ్ గొప్పగా చేసినవారికి విడిగా ఏమీ దక్కేది కాదు.

దీన్నిబట్టి ఎంట్రీ పంపే ముందు కూర్చుని చేయాల్సిన పని: మీ సినిమాలో ఏ పని గట్టిగా ఉందో నిజాయితీగా తేల్చుకోవడం. హీరో బాగా చేశాడని ఆయన పేరొక్కటే ముందుకు తోసి, ఆర్ట్ డైరెక్టర్‌నీ కాస్ట్యూమ్స్ చేసినవారినీ మరిచిపోయే నిర్మాతలున్నారు. 1988 నాటి ‘దాసి’ చూడండి. బి. నర్సింగరావు తీసిన ఆ సినిమాకి ఐదు జాతీయ అవార్డులొచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్, కళా దర్శకత్వానికి చిత్రకారుడు వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. నిజాం కాలపు గడి (దొర ఉండే భవంతి), అందులో ఆడపిల్ల కట్టుకున్న బట్ట, గోడ మీద వెలుగు, అన్నీ విడివిడిగా నిలిచాయి కాబట్టి అన్నిటికీ విడివిడిగా గుర్తింపు వచ్చింది.

చిన్న సినిమాలకు ఎక్కువ ఆశ ఉన్నది రచన విభాగాల్లో. మాటలకు ‘పెళ్లిచూపులు’, స్క్రీన్‌ప్లేకి ‘చి.ల.సౌ’, మళ్లీ ‘బేబి’, మూడూ భారీ బడ్జెట్ లేని సినిమాలే. నటుల విషయంలో మాత్రం మన చరిత్ర విచిత్రం. తెలుగు సినిమాకి ఉత్తమ నటి నాలుగుసార్లు వచ్చింది: ‘నిమజ్జనం’లో శారద, ‘దాసి’లో అర్చన, ‘కర్తవ్యం’లో విజయశాంతి, ‘మహానటి’లో కీర్తి సురేశ్. ఉత్తమ నటుడు మాత్రం 2021 సినిమాలకు అల్లు అర్జున్‌తోనే తొలిసారి.

ఇప్పుడు ఎంట్రీలు ఎక్కువగా దెబ్బతినే చోటు: సబ్‌టైటిల్స్. ప్రాంతీయ ప్యానెల్ దాటాక మీ సినిమా చూసేవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్లకి మీ మాటల రచయిత అంటే తెర కింద ఇంగ్లిషులో వచ్చే ఆ రెండు లైన్లే. థియేటర్ కోసం హడావుడిగా చేయించిన సబ్‌టైటిల్స్‌నే పంపేస్తే ఏమవుతుందో చెబుతాను. వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు, నలుగురికీ ఇంగ్లిషులో ఒకటే మాట పడుతుంది. ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో చూసేవాళ్లకి అరగంటయినా అర్థం కాదు, కథ ఆ వరసల మీదే నడుస్తుంటే సినిమా అక్కడే పోయింది. అలాంటి చోట వరస తీసేసి పాత్ర పేరు వేయించండి. ‘నువ్వు’ అనే మనిషి హఠాత్తుగా ‘మీరు’ అంటే అది మనకు ఒక సన్నివేశం, ఇంగ్లిషులో రెండూ ఒకటే. అది తెలిసేలా వాక్యం తీరు మార్చి రాయాలి. ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ యాసల తేడా సబ్‌టైటిల్‌లో పూర్తిగా పట్టలేం, కానీ పట్నం మాటకీ పల్లె మాటకీ మధ్య తేడా అయినా కనిపించేలా రాయగలిగినవారి చేత రాయించండి.

కొలతలు కూడా చూసుకోవాలి. ఒకసారికి రెండు లైన్లు మించకూడదు, లైనుకి 42 అక్షరాలు దాటకుండా ఉంటే కన్ను తెర మీదే ఉంటుంది. ఎంత చిన్న మాటైనా కనీసం ఒక సెకను నిలవాలి, ఎంత పెద్దదైనా ఆరేడు సెకన్లకు మించి ఉంచకూడదు. షాట్ మారాక కూడా పాత లైను తెర మీద వేలాడితే చూసేవాళ్లు దాన్నే మళ్లీ చదువుతారు. ఫైనల్ కట్‌లో రీలు తగ్గించాక సబ్‌టైటిల్ ఫైలు సరిచేయకపోతే అక్కణ్నుంచి చివరిదాకా మాటకీ అక్షరానికీ పొత్తు కుదరదు. సర్టిఫికెట్ వచ్చిన వెర్షన్‌కే సబ్‌టైటిల్ ఫైలు సరిపోల్చుకుని, మొత్తం ఒకసారి తెర మీద వేసి చూడండి.

పాటలకు సబ్‌టైటిల్స్ వేయకుండా వదిలేయడం మనవాళ్లలో మరీ ఎక్కువ. అలా చేసి గీత రచయితకి అవార్డు ఆశించడం ఎలా? తెలుగు పాటకి ఇప్పటిదాకా ఆ అవార్డు తెచ్చినవాళ్లు శ్రీశ్రీ, వేటూరి, సుద్దాల అశోక్ తేజ, చంద్రబోస్, కాసర్ల శ్యామ్. ‘తెలుగు వీర లేవరా’ నుంచి ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’ వరకు చూస్తే అన్నీ అర్థం మీద నిలబడే పాటలు. ప్రతి చరణానికీ అనువాదం తెర మీద ఉండాలి. దాంతోపాటు పాట తెలుగు పాఠం, దాని ఉచ్చారణ, భావం ఒక కాగితం మీద పెట్టి జతచేస్తే చదివేవాళ్లకు మేలు.

కాగితాల విషయంలో తప్పులు చిన్నవే, నష్టం పెద్దది. దరఖాస్తులో రాసిన పేరు, టైటిల్ కార్డులో పడ్డ పేరు ఒకటే ఉండాలి. తెర మీద ఇద్దరు ఎడిటర్ల పేర్లుండి దరఖాస్తులో ఒకరినే రాస్తే తర్వాత తగువు తప్పదు. కథ నవల నుంచి తీసుకుంటే హక్కుల పత్రం, రచయిత పేరు స్పష్టంగా ఉండాలి. స్క్రీన్‌ప్లే సొంతమా, వేరే రచన ఆధారమా అన్నదీ సరిగ్గా రాయాలి. వేరే భాష నుంచి డబ్బింగ్ చేసిన సినిమా ఎంట్రీకి పనికిరాదు. రెండు భాషల్లో తీశామంటే, ఆ భాషలో నిజంగా చిత్రీకరించారా, మాటలు మాత్రమే మార్చారా అన్న ప్రశ్న వస్తుంది. జ్యూరీలో ఎవరికైనా ఫోన్ చేయించడం లాంటివి చేయకండి, దానివల్ల సినిమానే పక్కన పెట్టేయవచ్చు.

విభాగం తప్పు పడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి 68వ అవార్డులే చాలు. అప్పట్లో ధ్వనికి మూడు అవార్డులుండేవి: లొకేషన్‌లో రికార్డు చేసినందుకు, సౌండ్ డిజైన్‌కు, చివరి మిక్సింగ్‌కు. అంతకుముందు 2018 సినిమాలకు ఇచ్చినప్పుడు ‘రంగస్థలం’కి ఎం.ఆర్. రాజకృష్ణన్‌కి వచ్చింది ఈ మూడోదే. లొకేషన్ అవార్డు సింక్ సౌండ్‌లో తీసిన సినిమాలకే, అంటే నటుల గొంతు షూటింగ్‌లోనే పట్టిన వాటికే. కన్నడ ‘డొళ్లు’కి అది ప్రకటించాక, ఆ సినిమా సౌండ్ డిజైనరే ముందుకొచ్చి ఇది నటుల గొంతు తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చేసిన సినిమా, సింక్ సౌండ్ కాదని చెప్పారు. ఆస్కార్ అందుకున్న సౌండ్ డిజైనర్ రసూల్ పూకుట్టి కూడా తప్పుబట్టారు. బాగా డబ్బింగ్ చేసిన గొంతుకీ సింక్ సౌండ్‌కీ తేడా వినికిడితో కనిపెట్టడం తేలిక కాదు. అందుకే దరఖాస్తులో రాసిందే ఆధారమవుతుంది, ఆ కాలమ్ నింపేటప్పుడు ఆ పని చేసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. 70వ అవార్డుల నుంచి ధ్వనికి ఒకే అవార్డుగా మార్చేశారు. లొకేషన్‌లో ఎండలో నిలబడి గొంతు పట్టేవాళ్ల పనికి విడిగా పేరు లేకుండా పోవడం నాకైతే నచ్చలేదు.

ఆ 70వ అవార్డులప్పుడే చాలా మారాయి. పతకంతో ఇచ్చే నగదును స్వర్ణ కమలానికి 3 లక్షలు, రజత కమలానికి 2 లక్షలు చేశారు. అంతకుముందు ఉత్తమ నటుడికి రజత కమలంతో వచ్చేది 50 వేలే. ఒక అవార్డు ఇద్దరికి పంచితే నగదూ పంచుతారు. తొలి చిత్ర దర్శకుడి అవార్డులో ఇందిరాగాంధీ పేరు, జాతీయ సమైక్యత చిత్రం అవార్డులో నర్గీస్ దత్ పేరు తీసేశారు. కాబట్టి పాత నియమావళి ఇంటర్నెట్‌లో దొరికింది కదా అని దాని ప్రకారం నింపకండి, ఆ ఏడాది నోటిఫికేషన్‌తో వచ్చినదే చదవండి.

ఉత్తమ తెలుగు చిత్రం గురించి రెండు మాటలు. అది రెండో రకం బహుమతి అనుకునేవాళ్లున్నారు, అది తప్పు. రజత కమలం, నగదు నిర్మాతకీ దర్శకుడికీ చెరొకటి వస్తాయి. అందులో నటించిన వాళ్లకు ఆ అవార్డు రాదు, ఆ సినిమా హీరోని ‘జాతీయ అవార్డు గ్రహీత’ అని పోస్టర్ మీద వేయడం సరికాదు. పై విభాగంలో గెలిచిన సినిమాకి మళ్లీ భాషా అవార్డు ఇవ్వకపోవడం ఇటీవలి జాబితాల్లో కనిపిస్తుంది. 2015లో ‘బాహుబలి’ దేశం మొత్తానికి ఉత్తమ చిత్రమైతే, తెలుగులో ‘కంచె’కి వచ్చింది. 2019లో ప్రజాదరణ పొందిన చిత్రంగా ‘మహర్షి’ గెలిస్తే, ఉత్తమ తెలుగు చిత్రం ‘జెర్సీ’. అందుకని ఆ ఏడాది పెద్ద సినిమా ఉందని భయపడి మీ ఎంట్రీ మానుకోవద్దు.

ఇండియన్ పనోరమాకి పంపాం కదా, ఇది కూడా అందులోనే అనుకోకండి. గోవా చిత్రోత్సవంలో వేసే ఆ విభాగానికి దరఖాస్తు వేరు, జ్యూరీ వేరు. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు కూడా ఈ వేడుకలోనే ఇచ్చినా, దానికి ఎంట్రీలంటూ ఉండవు, జీవితకాల కృషికి కమిటీ ఎంపిక చేస్తుంది. మనవాళ్లలో బి.ఎన్. రెడ్డి, ఎల్.వి. ప్రసాద్, నాగిరెడ్డి, అక్కినేని, రామానాయుడు, కె. విశ్వనాథ్ అందుకున్నారు.

మీ మిత్రుడు సినిమా వ్యాసాలు రాస్తారని కూడా అన్నారు. ఆయనకు చెప్పండి, సినిమా మీద ఉత్తమ పుస్తకానికీ ఉత్తమ విమర్శకుడికీ కూడా స్వర్ణ కమలం ఉంది, తెలుగులో రాసినా సరే. 69వ అవార్డుల్లో విమర్శకుడి అవార్డు తెలుగువారైన పురుషోత్తమాచార్యులుకే వచ్చింది. అక్కడా లెక్క అచ్చయిన తేదీదే. అందుకని వ్యాసం వచ్చిన పత్రిక పేజీని తేదీ కనిపించేలా కత్తిరించి దాచమనండి, ఇంగ్లిషు అనువాదం ఇప్పట్నుంచే సిద్ధం చేయించుకోమనండి.